మూడుసార్లు వెనక్కి వచ్చిన రైలు

కర్నూలు రాజధానిగా ఉన్న రోజుల్లో నేను గుడారంలో గుమాస్తాను. రాష్ట్రం వచ్చింది, రాజధాని వచ్చింది, కచేరీలకు కట్టడాలు మాత్రం రాలేదు. గుడ్డ డేరాల్లో బల్లలు వేసి మమ్మల్ని కూర్చోబెట్టారు. గాలి వస్తే ఫైళ్ల మీద పడుకొని ప్రభుత్వాన్ని కాపాడేవాళ్లం. ఎండాకాలంలో మమ్మల్ని కాపాడేవాడు ఎవడూ లేడు. ఆ డేరాల్లో ఒకదాంట్లో, కచేరీ లేని ఆదివారాల్లో, నాలుగు నెలలపాటు మేం జర్మనీ దేశపు నాటకం ఒకటి నేర్చుకున్నాం.

నాటకం రాసింది హైస్కూల్లో లెక్కలు చెప్పే అయివారు. యుద్ధంలో పటాలం గుమాస్తాగా చేరి ఇటలీ దాకా వెళ్లి వచ్చిన మనిషి. యుద్ధం అయిపోయాక అక్కడొక శిబిరంలో, చావు తప్పించుకొని వచ్చిన యూదులకు దుప్పట్లు పంచే పని ఆయనకు పడిందట. దుప్పటి తీసుకుంటూ ఒకామె వచ్చీరాని ఇంగ్లీషులో తన కథ చెప్పింది. ఆ కథను ఏళ్ల తరబడి కడుపులో పెట్టుకొని తిరిగి, చివరికి నాటకంగా రాశాడాయన.

జర్మనీలో ఒక చిన్న ఊరు. గడియారాలు బాగుచేసే యూదు ఆయన కూతురు. ఎదురుగా రొట్టెల అంగడి, ఆ అంగడివాళ్ల కొడుకు. వాడు జర్మను. ఇద్దరికీ మనసు కలిసింది. అట్లా కలవడం నేరమని అప్పటికే చట్టం వచ్చి ఉంది. తర్వాత యూదులందరినీ రైలెక్కించి చంపే చోటికి పంపడం మొదలుపెట్టారు. స్టేషన్లో ఆ పిల్లను నిలబెట్టి అధికారి జనాన్ని అడుగుతాడు, ఈమెను ఎరిగినవాళ్లు ఎవరైనా ఉంటే ముందుకు రండి, ఈమెతోపాటే ఎక్కండి అని. జనం తలలు దించుకుంటారు. అప్పుడు పిల్లవాడు గుంపులోంచి వచ్చి, "నేను ఎరుగుదును. ఈమె నా మనిషి" అని ఆమె చేయి పట్టుకొని తనూ రైలెక్కుతాడు. తెర పడుతుంది.

ఆ పిల్లవాడి వేషం నాది.

"నిజంగా అట్లే అన్నాడా అయివారూ?" అని మొదటి ఆదివారమే అడిగాను.

"యాడ అన్నాడప్పా! గుంపులో నిలబడి ఉండాడంట. ఆమె తలెత్తి వాని పక్క సూసిందంట. వాడు తన బూట్ల పక్క సూసుకున్నాడంట. బతికొచ్చినాక గూడా ఆ బూట్లే కండ్లల్లో ఉండాయని చెప్పింది. అందుకే నేను ఇట్ల రాసినా."

"ఛీ, వాడేం మనిషి అయివారూ!" అన్నాను. నాకప్పుడు ఇరవై రెండేళ్లు. పక్కన బెంచీ మీద కూర్చున్న టీచరమ్మ నన్ను చూసి నవ్వింది. ఆ నవ్వు కోసమే అంత గట్టిగా అన్నానేమో, ఇప్పుడు చెప్పలేను.

టీచరమ్మ మిషన్ బడిలో చిన్న తరగతులకు చెప్పేది. నాటకంలో ఆ యూదుల పిల్ల ఆమే. ఆడవేషం మగవాడు కట్టడం అప్పటికి మాకు మామూలే కానీ, అయివారు పట్టుబట్టాడు. మగవాడు పైట సర్దుకుంటూ ఏడిస్తే, దుప్పటి తీసుకున్న ఆ తల్లిని ఎగతాళి చేసినట్టే అన్నాడు. టీచరమ్మది మా నందికొట్కూరు పక్కనే. మా ఊరికి రెండు క్రోసులు. తాతల కాలం నుంచి క్రైస్తవులు. వాళ్లమ్మ మా చేన్లో పత్తి ఏరిన మనిషి. ఏరిన పత్తిని మా ఇంటి అరుగు దాకా తెచ్చి, అక్కడే దించి, అక్కడి నుంచే వెనక్కి పోయిన మనిషి. ఇంతకంటే వివరం మా సీమవాళ్లకు అక్కర్లేదు.

నాకు టీచరమ్మ అంటే ప్రాణం. ఈ మాట నా ఇంట్లో ఇంతవరకు అనలేదు, కాగితం మీద అంటున్నాను. ఆదివారం ప్రార్థన అయిపోగానే ఉడకబెట్టిన శనక్కాయలు గుడ్డలో మూటగట్టుకొని వచ్చేది. నా మాటలు తప్పుపోతే ఒక కాయ నా మీదికి విసిరేది. నేను కావాలని తప్పు చదివేవాణ్ణి. నాలుగో నెలకు ఇద్దరమూ ఒక మాటకు వచ్చాం. నాటకం చూడ్డానికి మా నాయన వస్తున్నాడు. ఆ రోజే ఆయనకు చెప్పేయాలి.

"తెర పడినాక చెప్తా. అప్పుడు నాయన మనసు మెత్తగా ఉంటాది" అన్నాను.

"మొగానికి రంగు కడుక్కోకముందే చెప్పండి" అంది. "కడుక్కున్నాక మీకు ఆ ధైర్యం ఉంటాదో ఉండదో."

నవ్వులాటకే అంది. నాకు మాత్రం రోషం వచ్చింది.

ఇక నాటకం సంగతి. అయివారికి ఒక్క పద్యం కూడా వద్దు. మా హార్మోనియం ఆయనకు పద్యం తప్ప ఇంకేమీ వద్దు. కర్నూలు నుంచి కడప దాకా ఏ నాటకమైనా ఆయన పెట్టె మోగందే తెర లేవదు. మొదటి రోజే వచ్చి, కథంతా విని, "ఈ యూదులు చేసిన తప్పేంది అయివారూ?" అని అడిగాడు.

"ఏం చేయలేదు. పుట్టినారు, అంతే."

హార్మోనియం ఆయన కాసేపు తిత్తి ఊపుతూ కూర్చున్నాడు. "దీనికి సముద్రాలు దాటి పోవాల్నా? మా ఊరి చేదబావి కాడికి పోతే సాలు గదా" అన్నాడు. మళ్లీ ఆయనే, "అది సరే గానీ, పద్యం ల్యాకపోతే నాటకం ఉప్పు లేని సంగటి. ఒక్కటన్నా పెట్టండి, ల్యాకుంటే నేను రాను" అని లేచాడు. నెల రోజులు వాదించి, చివరికి అయివారు ఒక్క పద్యానికి ఒప్పుకున్నాడు. స్టేషన్లో నేను ముందుకొచ్చి "ఎరుగుదును" అనే మాటను పద్యంలో అనాలి. ఆ ఒక్కటే. జరిగిన అనర్థానికంతటికీ ఆ ఒక్కటే మూలం.

సైనికుల చేతికి కట్టే పట్టీ మీద వాళ్ల గుర్తు కుట్టమంటే దర్జీ ఒప్పుకోలేదు. పెండ్లి పత్రిక మీద ఉండే స్వస్తిక గుర్తును వంకరగా తిప్పి, నల్లదారంతో కుట్టడం అరిష్టమన్నాడు. తనకు తోచినట్టు నిటారుగా, ఎర్రదారంతో కుట్టి, నాలుగు మూలలా పసుపు పెట్టి ఇచ్చాడు. అయివారు వాటిని చూసి, ఒక్క మాట అనకుండా పొయ్యిలో వేశాడు. దర్జీ మాతో మాట్లాడ్డం మానేశాడు.

కడప నుంచి దుస్తులు తెచ్చే ఆసామి ఇంకా ఘనుడు. రాక్షసుల్లాంటి సైనికులు ఆరుగురికి దుస్తులు కావాలని అయివారు కార్డు రాశాడు. పాపం, బాధలో అట్లా రాసేశాడు. ఆసామి నాటకం రోజు పొద్దున రైలు దిగి, ట్రంకుపెట్టె తెరిచి, ఆరు జతల కొమ్ములు, కోరలు, నల్ల చొక్కాలు తీశాడు.

"ఇదేందప్పా!" అన్నాడు అయివారు.

"రాచ్చసులని మీరే రాసినారు గదా సామీ. కార్డు ఉండాది నాకాడ" అన్నాడు ఆసామి, కార్డు తీసి చూపిస్తూ.

మళ్లీ కడపకు పోయి రావడానికి వ్యవధి లేదు. మిషన్ బడి హాలు పగటిపూటే ఇస్తాం, పొద్దు గూకేలోపు ఖాళీ చేయాలని బడి నడిపే దొరసాని షరతు. ఆమె పెట్టిన రెండో షరతు, టీచరమ్మ పేరు కరపత్రంలో అచ్చు కాకూడదని. అందుకే అందరి పేర్లూ పడ్డ చోట, నాయిక పక్కన మూడు చుక్కలు పడ్డాయి. ఆ చుక్కలు గుర్తుంచుకోండి. కోరలు తీసేశాం. కొమ్ములు మాత్రం టోపీకి కుట్టేసి ఉన్నాయి, ఊడి రాలేదు. అందుచేత మా జర్మను సైన్యం కొమ్ములతోనే రంగం మీదికి వచ్చింది.

మండు వేసవి మధ్యాహ్నం. హాలు కిటకిటలాడుతోంది. నేను గొర్రెబొచ్చు కోటు వేసుకొని, చలికి వణుకుతున్నట్టు నటించాలి. కోటు లోపల నేను మిరపకాయలా ఎండుతున్నాను. మంచు కురవాలి కాబట్టి పైనుంచి దూది చల్లే ఏర్పాటు చేశాం. మొదటి రంగంలోనే మంచు దట్టంగా కురిసింది. ముందు వరసలో కూర్చున్న మా నాయన లేచి నిలబడ్డాడు. ఆయన పుట్టి బుద్ధెరిగిన నాటి నుంచి పత్తి తప్ప వేరే పంట పెట్టని మనిషి.

"ఎవుడప్పా పైన! సక్కని పత్తి అంతా కిందబోస్తాండావే! కండ్లు కనపడ్డం లేదా?" అని గద్దించాడు.

పైనున్న మా కచేరీ బంట్రోతు భయపడి మంచు ఆపేశాడు. జర్మనీలో ఆ ఏడు చలికాలం అంతటితో సరి.

శిబిరానికి ముళ్ల తీగ దొరక్క తుమ్మకంప నాటాం. తెర లేచి కంప కనబడగానే వెనక వరసల్లోంచి ఎవరో, "మేకల దొడ్డి మాదిరి ఉండాదే!" అన్నారు. జనం నవ్వారు. నేను కంగారుగా అయివారి వైపు చూశాను. ఆయన పక్కతెర చాటున నిలబడి, "ఉండనీ, నవ్వనీ. అది దొడ్డే" అన్నాడు మెల్లగా. కంప లోపల టీచరమ్మ కూర్చొని గడియారం చెవికి పెట్టుకొని వినే ఘట్టం వచ్చేసరికి, నవ్విన నోళ్లన్నీ మూతబడ్డాయి. వాళ్లకు యూదులెవరో తెలియదు, జర్మనీ ఏ దిక్కునుందో తెలియదు. దొడ్డిలో మనిషిని పెట్టారన్నది మాత్రం తెలిసింది.

ఆఖరి రంగం. రైలంటే తోపుడుబండి. దాని చుట్టూ డేరా గుడ్డ కట్టి, బొగ్గుతో తలుపులూ కిటికీలూ గీశాం. పక్కతెర చాటునుంచి తాడు లాగితే కదులుతుంది. అధికారి అడిగాడు. జనం తలలు దించారు. నేను గుంపులోంచి బయటికి వచ్చేటప్పుడు కంప ముల్లు బూటులో దిగింది. కుంటుతూనే వచ్చి, చేయి పైకెత్తి పద్యం ఎత్తుకున్నాను. హార్మోనియం ఆయన నెల రోజుల కోపమంతా ఆ ఒక్క పద్యంలో తీర్చుకున్నాడు. "ఎరుగుదును" అనే మాట దగ్గర రాగం ఎంతసేపు తీశానో నాకే తెలియదు. టీచరమ్మ చేయి పట్టుకున్నాను. ఇద్దరం రైలెక్కాం. రైలు కదిలి, పక్కతెర చాటుకు పోయింది.

అయివారు తెర దించమని చెయ్యి ఊపాడు. సరిగ్గా అప్పుడు హాల్లోంచి ఒక గొంతు, "వన్స్ మోర్!" అంది. అది మా నాయన గొంతు.

మా వైపు పద్ధతి తెలిసినవాళ్లకు చెప్పాల్సిన పని లేదు. పద్యం నచ్చితే వన్స్ మోర్ అంటారు. అన్నాక పాడి తీరాలి. చచ్చినవాడైనా లేచి, దుమ్ము దులుపుకొని, పద్యం పాడి మళ్లీ చావాలి. పాడకపోతే సభను చెప్పుతో కొట్టినట్టు. హాలంతా అందుకుంది. హార్మోనియం ఆయన అప్పటికే శ్రుతి పట్టేశాడు. అయివారు రెండు చేతులూ అడ్డంగా ఊపుతున్నాడు గానీ, తాడు దగ్గరున్న బంట్రోతు ఇరవై ఏళ్లుగా నాటకాలు చూస్తున్నవాడు. రైలును వెనక్కి తోశాడు.

మేం దిగాం. కొమ్ముల సైనికులు మర్యాదగా పక్కకు తప్పుకున్నారు. అధికారి మళ్లీ అడిగాడు. నేను మళ్లీ పాడాను. మళ్లీ ఎక్కాం. రైలు పోయింది. మళ్లీ వన్స్ మోర్. ఈసారి నాయన కుర్చీ ఎక్కి నిలబడ్డాడు. రైలు మళ్లీ వచ్చింది. అధికారికి విసుగు పుట్టి, "మల్లా నువ్వేనా?" అన్నాడు. అది నాటకంలో లేని మాట.

రెండో విడత దిగేటప్పుడు టీచరమ్మ చెవిలో అంది. "ఆయన అడుగుతాండాడు. ఆయనకే చెప్పండి." అప్పుడు నేను అధికారి వైపు తిరగలేదు. నాయన కళ్లలోకి చూస్తూ పాడాను. ఎరుగుదును, ఈమె నా మనిషి. నాయన కళ్లు తుడుచుకున్నాడు. నా జీవితంలో నేను అంత నిజం ఎప్పుడూ పలకలేదు. మూడోసారీ వన్స్ మోర్ అన్నారు, మూడోసారీ రైలు వెనక్కి వచ్చింది, ఇంకోసారి పాడి ఎక్కాక బండి చక్రం ఊడింది కాబట్టి నాటకం అయిపోయింది.

తెర వెనక అయివారు ట్రంకుపెట్టె మీద కూర్చొని ఉన్నాడు. తిడతాడనుకున్నాను.

"తిరిగొచ్చే బండి కాదప్పా అది" అన్నాడు. ఇంకేదో అనబోయి ముఖం తుడుచుకున్నాడు. "పోనీలే. ఈడన్నా వెనక్కి వచ్చింది."

ఇంతలో నాయన వచ్చాడు. తన భుజం మీది జరీకండువా తీసి నాకు కప్పాడు. "మా అబ్బోడు!" అని చుట్టూ ఉన్నవాళ్లకు చూపించాడు. నా ముఖాన రంగు అట్లాగే ఉంది. టీచరమ్మ రెండడుగుల దూరంలో, కంప పక్కన నిలబడి ఉంది. నేను నోరు తెరిచాను. నాయన నాకంటే ముందు అన్నాడు.

"ఒరే అబ్బోడా, ఆ ఆడేసం కట్టినోడు ఎవుర్రా? ఏం కట్టినాడప్పా! ఆడపిల్లే అనుకోవాల! కాయితంలో సూస్తే సుక్కలే ఉండాయి. యా ఊరోడు? ఎవురోళ్లు?"

ఒక్క మాట చాలు. మగవాడు కాదు నాయనా, ఆడపిల్లే, మన పక్క ఊరి పిల్లే, నేను చేసుకునే పిల్ల. నాలుగు ముక్కలు. పద్యం కూడా అక్కర్లేదు.

"తెల్దు నాయనా" అన్నాను. "కడప నుంచి పిలిపించినారు."

అని బూట్ల వైపు చూసుకున్నాను. కుడి బూటులో ముల్లు ఇంకా ఉంది.

నాయన ఆమె దగ్గరికే పోయి, "శానా బాగా కట్టినావప్పా. మా ఊరికి రా ఒకసారి. మా ఇంట్లో సంగటి తిని పోదువు గానీ" అన్నాడు. ఆమె తల్లి అరుగు దాకా వచ్చి ఆగిన ఇల్లు అది. టీచరమ్మ నా వైపు చూసింది. ఎంతసేపు చూసిందో, తల ఎత్తలేదు కాబట్టి నాకు తెలియదు. తర్వాత గొంతు లావు చేసి, మగవాడి మాదిరి, "శానా సంతోషం పెద్దయ్యా" అని దండం పెట్టింది. నన్ను కాపాడిందో, నా ముఖాన ఉమ్మిందో, రెండూ ఒకే దండంలో చేసింది. ఆ సాయంత్రం నేను రంగు కడుక్కునేసరికి ఆమె లేదు. ఆ జూన్‌లో తనే అడిగి కడప మిషన్ బడికి బదిలీ చేయించుకుందని తెలిసింది. కడప అన్న నా అబద్ధాన్ని ఆమె నిజం చేసింది.

నాయన ఆ తర్వాత ఎక్కడ నాటకం చూసినా ఇంటికొచ్చి పెదవి విరిచేవాడు. "ఆ కడపోని మాదిరి ఎవుడూ కట్టలేడు" అనేవాడు. నేను అన్నం కలుపుకుంటూ ఊ అనేవాణ్ణి.

రాజధాని హైదరాబాదుకు వెళ్లిపోయింది. డేరాలు పీకేశారు. నాకు సంబంధం కుదిరింది. పెండ్లి పత్రికలు వేయించడానికి నాయన, నేనూ కర్నూల్లో అచ్చుకూటానికి వెళ్లాం. అక్షరాలు పేర్చి, పైన శుభం గుర్తు పెట్టి, చూసుకోమని ఒక కాగితం తీసి ఇచ్చారు. నాయన చేతిలో కాగితం పట్టుకొని బెంచీ మీద కూర్చున్నాడు.

"ఆ కడపోనికి ఒక పత్రిక పంపుదామా?" అన్నాడు.

ఎందుకో ఆ రోజు నాకు ఓపిక చచ్చిపోయింది. "వాడు మగోడు కాదు నాయనా. ఆడపిల్లే. మిషన్ బడి టీచరమ్మ" అన్నాను.

"తెలుసు" అన్నాడు నాయన.

యంత్రం అవతల టకటకా కొట్టుకుంటోంది. సరిగా వినలేదేమో అనుకున్నాను.

"మొదటితూరి పాడినప్పుడే తెలిసిందిరా. వేసగాని చెయ్యి ఎవుడన్నా అట్ల పట్టుకుంటాడా? అందుకే మల్లా అడిగినా. మూడుసార్లు అడిగినా. తెర ఎనక్కొచ్చి గూడా అడిగినా. చెప్తావేమోనని."

"చెప్పింటే ఒప్పుకునేటోనివా?"

"ఏమో. కొట్టేటోణ్ణేమో. ఇంట్లో నుంచి తరిమేటోణ్ణేమో. నువ్వు చెప్పింటే గదా నాకు తెలిసేది." కాగితాన్ని నా ఒళ్లో పెట్టాడు. "అక్షరాలు పేర్చినారు, అంతే. ఊడబీకితే ఊడొస్తాయి. ఇప్పుడు చెప్పు. అచ్చెయ్యమనాల్నా, వద్దా?"

నేను నా చెప్పుల వైపు చూసుకున్నాను.

"ఎయ్యమను నాయనా" అన్నాను.